చెవి శస్త్రచికిత్సకు వర్చువల్ రియాలిటీ రిహార్సలు: బొగ్గు గనుల ప్రాంతానికి ఒనగూడేదేమిటి?

(ప్రత్యేక వ్యాసం)

కాసిపేట: భూగర్భ గనిలో షిఫ్టు మొదలుకాగానే మైనింగ్ సర్దార్ చేతికర్రతో పైకప్పును తట్టి చూస్తారు. గట్టి చప్పుడు వస్తే కప్పు పటిష్ఠంగా ఉన్నట్లు, డొల్ల చప్పుడు వస్తే పొర విడిపోయినట్లు లెక్క. ఆ తరువాతనే కార్మికులు పని స్థలంలోకి అడుగు పెడతారు. గ్యాసును కొలిచే పరికరాలు, కప్పు కదలికను నమోదు చేసే పరికరాలు ఎన్ని వచ్చినా తట్టి చూచే ఈ పాత పద్ధతి మాత్రం పోలేదు. ఆ తేడాను పసిగట్టేది చెవి. వినికిడి మందగించిన కార్మికునికి సైరను, తోటివాని కేక, వెనుక నుంచి వచ్చే టబ్బుల చప్పుడు కూడా ఆలస్యంగానే తెలుస్తాయి. కనుక బొగ్గు గనుల ప్రాంతంలో చెవి ఆరోగ్యాన్ని కేవలం వ్యక్తిగత ఇబ్బందిగా పరిగణించడానికి వీలు లేదు.

మంచిర్యాల జిల్లా కాసిపేట మండలం సింగరేణి మందమర్రి ఏరియా గనులతో, దేవాపూర్ సిమెంటు కర్మాగారంతో ఎదిగిన మండలం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడే వరకు ఆదిలాబాద్ జిల్లాలో భాగంగా ఉండేది. ఇక్కడి నుంచి గోదావరి దాటితే రామగుండం, గోదావరిఖని. ఈ నేల అంతటా మూడు షిఫ్టుల జీవనం. డ్రిల్లింగు, బ్లాస్టింగు, బొగ్గు ఎత్తిపోసే ఎస్.డి.ఎల్. యంత్రాలు, కన్వేయరు బెల్టులు, గాలిని పంపే ఫ్యాన్లు, ఇవన్నీ ఇరుకైన గ్యాలరీలలో మోగే ధ్వనులు. బయట మైదానంలో చెదిరిపోయే చప్పుడు గనిలో గోడలకు తగిలి తిరిగి చెవికే చేరుతుంది.

ఈ నేపథ్యంలో వైద్య విద్యారంగంలో రూపుదిద్దుకున్న ఒక విధానం గురించి ఆలోచించవలసి ఉన్నది. రోగి చెవిపై కత్తి పెట్టడానికి ముందే, అదే శస్త్రచికిత్సను కంప్యూటరు తెరపై, చేతికి స్పర్శ తెలిసే పరికరంతో పలుమార్లు చేసి చూచుకునే వర్చువల్ రియాలిటీ విధానమిది. డెన్మార్క్, అమెరికా, జర్మనీ, ఆస్ట్రేలియా, బ్రిటన్ దేశాల విశ్వవిద్యాలయాలలో రెండు దశాబ్దాలకు పైగా దీనిపై కృషి సాగింది. 2022లో రామగుండం, మంచిర్యాల పట్టణాలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైన తరువాత ఈ విషయం గోదావరి తీరానికి దూరపు ముచ్చట కాకుండా పోయింది.

అయితే ముందుగా ఒక అపోహను తొలగించుకోవడం అవసరం.

గని చప్పుడు వల్ల వచ్చే చెవుడుకు శస్త్రచికిత్స లేదు. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో రెండున్నర చుట్లు తిరిగి ఉండే కాక్లియాలో సుమారు 15 వేల సూక్ష్మ రోమకణాలు ఉంటాయి. ధ్వని తరంగాన్ని నాడీ సంకేతంగా మార్చేవి ఇవే. ఏళ్ల తరబడి పెద్ద చప్పుడులో పనిచేస్తే ఈ కణాలు నశిస్తాయి, మనిషిలో అవి తిరిగి మొలకెత్తవు. మొదట దెబ్బ తినేది సుమారు 4,000 హెర్ట్జ్ ప్రాంతంలోని హెచ్చు స్థాయి స్వరాలను గ్రహించే భాగం. అందువల్లనే గని కార్మికుల ఇళ్లలో "మాట వినపడుతుంది గాని అర్థం కాదు" అనే ఫిర్యాదు ముందుగా వస్తుంది. అచ్చుల ధ్వని అందుతుంది, స, శ, త వంటి హల్లులు జారిపోతాయి. ఇంట్లో టీవీ శబ్దం పెరుగుతుంది, మనుమరాలి మాటకు తాత వేరే జవాబు చెబుతాడు, అందరూ నవ్వుతారు. వయసు మీద పడిందని సరిపెట్టుకుంటారు. వైద్యుని వద్దకు వెళ్లేసరికి పది పదిహేనేళ్లు గడిచిపోయి ఉంటాయి.

ఈ నష్టాన్ని ఆపగలిగేది నివారణ ఒక్కటే. గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1975లోనే జారీ చేసిన 18వ నంబరు సర్క్యులరులో 85 డెసిబెళ్లను హెచ్చరిక స్థాయిగా, 90 డెసిబెళ్లను ప్రమాద స్థాయిగా నిర్దేశించింది. 115 డెసిబెళ్లు దాటిన చోటికి చెవి రక్షణ లేకుండా కార్మికులను పంపరాదని, 140 దాటిన చోటికి ఎవరినీ అనుమతించరాదని పేర్కొన్నది. శబ్దం వల్ల కలిగే వినికిడి లోపాన్ని 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మూడవ షెడ్యూలులో వృత్తి వ్యాధుల సరసన చేర్చారు. నిబంధనలకు కొరత లేదు. ఇయర్ ప్లగ్గు పెట్టుకుంటే కప్పు చప్పుడు వినపడదేమోనన్న కార్మికుని భయాన్ని మాత్రం ఏ సర్క్యులరూ తీర్చలేదు. ఆ భయం అర్థం లేనిది కాదు. ఏ పనిలో పెట్టుకోవాలో, కప్పు తట్టేటప్పుడు ఎప్పుడు తీయాలో శిక్షణలో విడమరచి చెప్పినప్పుడే అది తగ్గుతుంది.

శ్రవణ పరీక్షకు మరొక చిక్కు కూడా ఉన్నది. వైద్య కారణాలపై అనర్హులైన కార్మికుల వారసులకు ఉద్యోగావకాశం కల్పించే విధానం సింగరేణిలో ఉన్నందున, ఆడియోగ్రామ్ కాగితంపై గీసే గీతకు ఒక కుటుంబ జీవనంతో ముడి పడుతున్నది. ఉద్యోగం పోతుందని లోపాన్ని దాచుకునే యువ కార్మికుడూ ఉంటాడు, లోపం ఎక్కువగా కనిపించాలని కోరుకునే వృద్ధ కార్మికుడూ ఉంటాడు. ఇద్దరినీ తప్పు పట్టనక్కరలేదు గాని, ఉద్యోగంలో చేరిన నాడే పరీక్ష చేసి భద్రపరచిన రికార్డు ఉంటే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది.

మరి శస్త్రచికిత్స ఎవరికి?

చెవి కారే వారికి. బొగ్గు ప్రాంతంలోనైనా, పక్కనే ఉన్న వ్యవసాయ గ్రామాలలోనైనా చెవి వ్యాధులలో శస్త్రచికిత్స దాకా వచ్చేది అధికంగా ఇదే. మధ్య చెవిలో దీర్ఘకాలంగా చీము చేరడం, కర్ణభేరికి రంధ్రం పడడం, కొందరిలో కొలెస్టియటోమా అనే చర్మపు గడ్డ పెరిగి చుట్టూ ఉన్న ఎముకను తినివేయడం దీని దశలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో వెలువరించిన నివేదికలో, జనాభాలో నాలుగు శాతానికి మించి ఈ వ్యాధి ఉన్న దేశాల వరుసలో భారతదేశాన్ని చేర్చింది. పసిబిడ్డకు జలుబు చేసి చెవి కారినప్పుడు వెల్లుల్లి కాచిన నూనె పోయడం, కోడి ఈకతో, పుల్లతో, పిన్నీసుతో శుభ్రం చేయడం ఇప్పటికీ మానని అలవాట్లు. చెవి కారడం చిన్న రోగమనే అభిప్రాయం బలంగా నాటుకున్నది. అయితే కొలెస్టియటోమా మెదడు పొరల దాకా చేరి ప్రాణం మీదికి తెచ్చే సందర్భాలు లేకపోలేదు.

రెండవ వర్గం పుట్టుకతో వినికిడి లేని పిల్లలు. వీరికి కాక్లియర్ ఇంప్లాంటు అమర్చే చికిత్స ఖరీదైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకంలో దీనికి చోటు కల్పించిన తరువాతనే పేదల ఇళ్ల పిల్లలకు అందుబాటులోకి వచ్చింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచారు. పిల్లలలో లోపాన్ని తొలి ఏళ్లలోనే గుర్తించేందుకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం తోడ్పడుతున్నది. భాష నేర్చే వయసు దాటకముందే ఇంప్లాంటు అమర్చాలి. ఆలస్యమైతే ధ్వని వినిపించినా మాట రావడం కష్టం.

ఈ రెండు శస్త్రచికిత్సలకూ దారి ఒక్కటే. చెవి వెనుక చేతికి గట్టిగా తగిలే మాస్టాయిడ్ ఎముకను సన్నని డ్రిల్లుతో తొలుచుకుంటూ లోపలికి వెళ్లాలి. నిమిషానికి వేల సంఖ్యలో తిరిగే ఆ డ్రిల్లు కొసను మైక్రోస్కోపులో చూస్తూ నడిపిస్తారు. పైన సన్నని ఎముక పలక, దాని ఆవల మెదడు పొర. వెనుక వైపు పెద్ద రక్తనాళం. లోపల శరీర సమతౌల్యాన్ని కాపాడే అర్ధచంద్రాకార నాళం. వీటన్నిటి నడుమ ముఖ కండరాలను కదిలించే ముఖనాడి ఎముక సొరంగంలో వంపులు తిరిగి సాగుతుంది. కాక్లియర్ ఇంప్లాంటు కోసమైతే ఆ ముఖనాడికి, నాలుక రుచిని మోసుకుపోయే మరో సన్నని నాడికి మధ్య కొద్ది మిల్లీమీటర్ల సందులోంచి దారి చేయాలి. చేయి ఒక్క క్షణం జారి ముఖనాడి తెగితే రోగి ముఖం ఒక పక్కకు వాలిపోతుంది, కన్ను మూతపడదు, నోట పోసుకున్న నీరు నిలవదు. నిపుణుల చేతిలో ఇటువంటి ప్రమాదం అరుదే. అయితే ప్రతి నిపుణుడూ ఒకనాడు కొత్తవాడే. ఆ మొదటి చెవి ఎవరిది కావాలన్నదే అసలు ప్రశ్న.

గని పని తెలిసిన వారికి ఈ పరిస్థితి సులభంగా బోధపడుతుంది. పైన కప్పు, పక్కన నీటి ప్రమాదం ఉన్న పాత పని, నడుమ తవ్వవలసిన పొర. ఎక్కడ ఆగాలో తెలియడమే నైపుణ్యం.

ఎముకల కొరత

చెవి వైద్యులు ఇంతవరకు ఈ విద్యను నేర్చినది మృతదేహాల నుంచి తీసిన కణత ఎముకలపైననే. పోస్టుగ్రాడ్యుయేట్ విద్యార్థి టెంపొరల్ బోన్ ల్యాబులో డ్రిల్లు పట్టి ఎముకను తొలిచి నిర్మాణాలను ఒక్కొక్కటిగా గుర్తిస్తాడు. దీనికి మించిన పాఠం లేదని ఇప్పటికీ నిపుణుల అభిప్రాయం. చిక్కల్లా సరఫరాలోనే ఉన్నది. ఒక దేహానికి రెండే ఎముకలు. ఒకసారి తొలిచిన ఎముక మరొకరికి పనికిరాదు. వైద్య కళాశాలలు పెరిగిన వేగంతో దేహదానాలు పెరగలేదు. వచ్చిన దేహం ముందుగా ఎం.బి.బి.ఎస్. తొలి సంవత్సరపు శరీర నిర్మాణ శాస్త్ర తరగతికే చేరుతుంది.

సిమ్యులేటర్లు పుట్టినది ఈ కొరతలోనుంచే. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో గ్రెగరీ వీట్, డాన్ స్ట్రెడ్నీ బృందం 2002 నాటికే కంప్యూటరుపై కణత ఎముకను తొలిచే విధానాన్ని ప్రకటించింది. జర్మనీలోని హాంబర్గ్‌లో వాక్సెల్‌మన్ టెంపోసర్జ్ రూపొందింది. డెన్మార్క్‌లో మాడ్స్ సోల్వ్‌స్టెన్ సోరెన్సెన్ బృందం గడ్డకట్టించిన ఒక మానవ కణత ఎముకను పలుచని పొరలుగా కోసి, ప్రతి పొరనూ ఫోటో తీసి, ఆ చిత్రాలను పేర్చి విజిబుల్ ఇయర్ సిమ్యులేటరును తయారుచేసింది. 2009లో వివరాలు ప్రచురితమైన ఈ సాఫ్ట్‌వేరును ఉచితంగా అందుబాటులో ఉంచడం ప్రత్యేకంగా పేర్కొనదగినది. సాఫ్ట్‌వేరుకు ధర లేకపోతే మిగిలే ఖర్చు మంచి గ్రాఫిక్స్ కార్డు గల కంప్యూటరు, స్పర్శ పరికరం మాత్రమే.

వర్చువల్ రియాలిటీ అనగానే కళ్లకు కట్టుకునే పెద్ద పెట్టె మనసులో మెదులుతుంది. చెవి శస్త్రచికిత్స సిమ్యులేటర్లలో అనేకం అటువంటివి కావు. మేజాపై తెర, లోతు తెలియడానికి ప్రత్యేక కళ్లద్దాలు, చేతిలో కలం వంటి కడ్డీ. ఆ కడ్డీని పట్టి ఉంచే యాంత్రిక బాహువు, తెరపై డ్రిల్లు ఎముకను తాకినప్పుడు చేతిని వెనక్కి నెడుతుంది. గట్టి ఎముక అయితే గట్టిగా, గుల్ల ఎముక అయితే మెత్తగా తగులుతుంది. కంటిని నమ్మించడానికి తెరపై బొమ్మ సెకనుకు ముప్పై సార్లు మారితే సరిపోతుంది. చేతిని నమ్మించడానికి మాత్రం ఆ బలాన్ని సెకనుకు సుమారు వెయ్యి సార్లు లెక్క కట్టాలి. ఈ లెక్కకు తగిన వేగం సాధారణ కంప్యూటర్లకు వచ్చిన తరువాతనే ఇటువంటి యంత్రాలు ప్రయోగశాలల నుంచి తరగతి గదులకు చేరగలిగాయి.

ఫలితాల విషయానికి వస్తే ఆధారాలు ఆశాజనకమే గాని అతిశయోక్తికి తావివ్వవు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ బృందం 2011లో 20 మంది శిక్షణార్థులపై జరిపిన పరీక్షలో, సిమ్యులేటరుపై నేర్చినవారు సంప్రదాయ పద్ధతిలో నేర్చినవారి కంటె మిన్నగా నిజమైన ఎముకను తొలవగలిగారు. ఎవరు ఏ వర్గమో న్యాయనిర్ణేతలకు తెలియకుండా ఈ పరీక్ష జరిగింది. ఒహాయో బృందం పలు వైద్య కేంద్రాలలో జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనంలో మాత్రం సిమ్యులేటరుకు, ఎముకకు మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. తేడా లేకపోవడం కూడా ఒక విధంగా ప్రయోజనమే. దొరకని ఎముకతో సమానంగా, ఎప్పుడూ దొరికే యంత్రం పనిచేసిందన్న మాట. అయితే ఇవన్నీ శిక్షణ బల్లపై కనిపించిన ఫలితాలు. సిమ్యులేటరుపై నేర్చిన వైద్యుని చేతిలో రోగికి ఎంత మేలు జరిగిందన్న అంశంపై ఆధారాలు ఇంకా పరిమితంగానే ఉన్నవి. ఈ వాస్తవాన్ని పక్కనపెట్టి యంత్రాలు కొనరాదు.

డెన్మార్క్‌లో స్టీవెన్ ఆండర్సన్, సహచరులు 2015లో ప్రచురించిన మరో పరిశీలన పాలనాపరంగా మిక్కిలి ఉపయోగకరం. ఒకే రోజున వరుసగా అభ్యసించినవారి కంటె, రోజుల వ్యవధి ఇచ్చి అంతే సంఖ్యలో అభ్యసించినవారు మెరుగైన నైపుణ్యం సాధించారు. ఏడాదికి ఒకసారి రెండు రోజుల వర్కుషాపు పెట్టి, ఫోటోలు దిగి, ధ్రువపత్రాలు పంచి ముగించే పద్ధతి వల్ల ఫలితం స్వల్పమని దీని భావం. యంత్రం ఏడాది పొడవునా విద్యార్థికి అందుబాటులో ఉండాలి. రాత్రి డ్యూటీ నడుమ దొరికిన అరగంటలో సైతం తలుపు తీసి కూర్చునే వీలుండాలి. విలువైన పరికరమన్న పేరుతో గాజు గదిలో పెట్టి తాళం వేసే అలవాటు మన కార్యాలయాలలో ఎంత గట్టిదో అందరికీ విదితమే.

నేర్చుకోవడం వేరు, రిహార్సలు వేరు. పైన చెప్పినవన్నీ ఒకే ప్రామాణిక ఎముకపై చేసే అభ్యాసాలు. రేపు ఆపరేషను చేయబోయే రోగి సొంత సి.టి. స్కానును కంప్యూటరులోకి ఎక్కించి, అతని చెవినే ఈనాడు తెరపై తొలిచి చూచుకోవడం తరువాతి మెట్టు. లండన్‌లో అసిత్ అరోరా బృందం 2014లో దీనిపై ప్రాథమిక పరిశీలన వెలువరించింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో నికొలస్ బ్లెవిన్స్ బృందం ఇదే దిశలో పనిచేసింది. మనిషి మనిషికీ ముఖనాడి వంపు, రక్తనాళం ముందుకు చొచ్చుకువచ్చే తీరు మారుతుంటాయి గనుక ఈ ప్రయత్నానికి విలువ ఉన్నది. ఇబ్బందులూ ఉన్నవి. స్కాను పొరల మందం అర మిల్లీమీటరు ఉంటే అంతకంటె సన్నని నిర్మాణాలు తెరపై చెదిరిపోతాయి. వాటిని మనిషి కూర్చుని గుర్తుపెట్టి రంగులు వేయాలి. చీముతో నిండిన చెవిలో వ్యాధి ఏదో, ఎముక ఏదో యంత్రానికి స్పష్టంగా తెలియదు. రక్తస్రావం తెరపై నిజంలా కనిపించదు. మన ప్రాంతంలో అధికంగా ఉన్నవి చీము పట్టిన చెవులే కనుక, వ్యాధి లేని ఎముకపై తయారైన యంత్రం ఇక్కడికి వచ్చేసరికి కొంత తడబడక తప్పదు. విదేశీ వ్యాసాలలో ఈ అంశానికి దక్కిన ప్రాధాన్యం తక్కువ.

గని ఇదివరకే చేస్తున్న పని

ప్రమాదానికి ముందు ప్రమాదాన్ని అభ్యసించడం బొగ్గు ప్రాంతానికి కొత్త కాదు. రామగుండంలోని గని రక్షణ కేంద్రంలో రెస్క్యూ సిబ్బంది శ్వాస పరికరాలు ధరించి పొగ, వేడి నిండిన గ్యాలరీలలో సాధన చేస్తారు. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనలు, శిక్షణ లేకుండా ఎవరినీ గనిలో పనికి పెట్టుకోరాదని నిర్దేశించాయి. ధన్‌బాద్‌లోని ఐ.ఐ.టి.లో గని పరిస్థితులను కళ్లకు కట్టే వర్చువల్ రియాలిటీ సిమ్యులేటరు ఏర్పాటైంది. విమానయానంలో ఎడ్విన్ లింక్ 1929లో తయారుచేసిన నేలమీది శిక్షణ పెట్టెతో ఈ ఆలోచన మొదలైంది. పైలటుకు, గని రక్షకునికి తప్పనిసరి అయిన రిహార్సలు శస్త్రచికిత్స నిపుణునికి మాత్రం చాలా కాలం ఐచ్ఛికంగానే మిగిలిపోయింది. పైలటు పొరబడితే తానూ మరణిస్తాడు. వైద్యుడు పొరబడితే నష్టపోయేది బల్లపై ఉన్న మనిషి. ఈ తేడా వల్లనే ఆలస్యం జరిగిందని అనుకోవడం కొంత కఠినమైన అభిప్రాయమే అయినా కొట్టిపారవేయదగినది కాదు.

2022 నవంబరు 15న రాష్ట్రంలో ఒకేసారి ఎనిమిది ప్రభుత్వ వైద్య కళాశాలల తరగతులు ప్రారంభమైనవి. వాటిలో రామగుండం, మంచిర్యాల రెండూ ఈ బొగ్గు ప్రాంతానివి, కొత్తగూడెం మరొకటి. రామగుండం కళాశాల సింగరేణి సంస్థ నిధులతో నిర్మితమైనది. ఎనిమిది కళాశాలల్లో కలిపి 1,150 ఎం.బి.బి.ఎస్. సీట్లు వచ్చాయి. ఎం.బి.బి.ఎస్. విద్యార్థి చెవి ఎముకను తొలవడు. ఆ అవసరం చెవి, ముక్కు, గొంతు విభాగపు పోస్టుగ్రాడ్యుయేట్లకే ఉంటుంది. అయినప్పటికీ వైద్య కళాశాలల్లో స్కిల్స్ ల్యాబు ఉండాలన్న జాతీయ నిబంధన ఉన్నందున, సిమ్యులేటరుకు గది, విద్యుత్తు, బాధ్యత వహించే అధ్యాపకుడు వంటి ఏర్పాట్లకు ఇప్పటికే ఒక చట్రం ఉన్నది. మూడవ సంవత్సరం విద్యార్థి కర్ణభేరి వెనుక ఏముందో తెరపై త్రిప్పి చూడడం వల్ల కూడా లాభమే. గ్రామ ఆరోగ్య కేంద్రంలో రేపు చెవి కారే బిడ్డను చూచేది అతడే గనుక.

ఇప్పటికీ క్లిష్టమైన చెవి శస్త్రచికిత్సలకు ఉత్తర తెలంగాణ రోగులు హైదరాబాదు వైపే చూస్తున్నారు. కోఠిలోని ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రి దీనికి పెద్ద దిక్కు. 2021లో కరోనా రెండవ విడత అనంతరం బ్లాక్ ఫంగస్ విజృంభించినప్పుడు రాష్ట్రం నలుమూలల రోగులను చేర్చుకున్నది ఆ ఆసుపత్రియే. కాసిపేట నుంచి కోఠికి రెండు వందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. కార్మికునికి సంస్థ ఆసుపత్రి, రిఫరల్ సదుపాయం ఉంటాయి. కాంట్రాక్టు కార్మికునికి, పక్క గ్రామపు రైతు కూలీకి రెండు రోజుల కూలి, తోడు వచ్చేవారి ఖర్చు, ఉండడానికి చోటు అన్నీ లెక్కే. చెవి కారడాన్ని ఏళ్ల తరబడి ఉపేక్షించడానికి అజ్ఞానం ఎంత కారణమో ఈ లెక్క కూడా అంతే కారణం. రామగుండంలోనో మంచిర్యాలలోనో మాస్టాయిడ్ శస్త్రచికిత్స నమ్మకంగా జరిగితే ఈ లెక్క మారిపోతుంది. అటువంటి నమ్మకం గల చేతులను ఇక్కడే తయారుచేయగల సాధనాలలో సిమ్యులేటరు ఒకటి. అది ఒక్కటే చాలదు.

ఖర్చుల వరుస క్రమంలో దానికి మొదటి స్థానం ఇవ్వడం సబబు కాదు. గని కార్మికునికి ముందు కావలసినవి మంచి ఇయర్ ప్లగ్గులు, శబ్దం రాని గదిలో చేసే ఆడియోమెట్రీ. 1955 గనుల నిబంధనలు నిర్దేశించిన ఐదేళ్లకోసారి వైద్య పరీక్షలో శ్రవణ పరీక్ష ఒక మొక్కుబడి కాకూడదు. ఆ తరువాతి స్థానం పిల్లల చెవి పరీక్షలకు, 2007లో ప్రయోగాత్మకంగా ఆరంభమైన జాతీయ బధిరత్వ నివారణ కార్యక్రమం కింద ఆడియాలజిస్టుల సేవలకు దక్కాలి. దేశంలో సుమారు 6 కోట్ల 30 లక్షల మందికి చెప్పుకోదగిన వినికిడి లోపం ఉన్నదని ఆ కార్యక్రమ పత్రాలే పేర్కొన్నవి. వీరిలో శస్త్రచికిత్సతో బాగుపడేవారు కొందరే. మిగిలినవారికి వినికిడి యంత్రం, దాని బ్యాటరీ, అది పాడైతే బాగుచేసే మనిషి ముఖ్యం.

సిమ్యులేటరు వచ్చిన నాడు అది పనికి రావాలంటే కొన్ని పనులు ఈనాడే ఆరంభించవచ్చు. జిల్లా ఆసుపత్రులలో చెవికి తీసే సి.టి. స్కానులను పలుచని పొరలలో తీయించి, పేరు, చిరునామా తొలగించి భద్రపరిస్తే, ఈ ప్రాంతపు చీము పట్టిన చెవుల చిత్రాలే ఈ ప్రాంతపు విద్యార్థులకు పాఠాలవుతాయి. విదేశీ ప్రామాణిక ఎముకలో కనిపించని వ్యాధి వాటిలో కనిపిస్తుంది. ఇందుకు రోగి అనుమతి, రేడియాలజీ విభాగపు ఓపిక, ఒక హార్డ్ డిస్కు చాలు. అదే సమయంలో దేహదానంపై ప్రచారం సాగాలి. తెరపై ఎన్నిసార్లు తొలిచినా, డ్రిల్లు కింద నీటితో కలిసి లేచే ఎముక పొడి వాసన, రంగు మారుతూ కనిపించే నాడి గుర్తు నిజమైన ఎముకలోనే తెలుస్తాయి. సిమ్యులేటరుపై పది పన్నెండు సార్లు చేయి తిరిగిన విద్యార్థికి దొరికిన ఆ ఒక్క ఎముక, మొదటిసారి డ్రిల్లు పట్టినవాని చేతిలో వృథా అయినట్లుగా వృథా కాదు.